జర్మనీకి జంటగా వెళ్లేవాళ్లు ముందు చూసుకోవాల్సింది పదమూడో నెల

చెల్లెమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీది వరంగల్, పెళ్లయి ఏడాదిన్నర. మీకు మాగ్డెబుర్గ్ యూనివర్సిటీలో మాస్టర్స్ సీటు వచ్చింది, అక్టోబర్‌లో మొదలు. మీ వారికి 28 ఏళ్లు, మెకానికల్ చదివి హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నారు, ఇంకా ఎక్కడా అప్లై చేయలేదు. ఇద్దరి దగ్గరా కలిపి పదహారు లక్షలున్నాయి. ఇంకో పదిహేను లక్షలు లోన్ తీసుకుని ఇద్దరూ ఒకేసారి వెళ్లాలా, మీరు ముందు వెళ్లి ఆయన తర్వాత రావాలా అని అడిగారు. కన్సల్టెన్సీవాళ్లేమో ఆయనకు ఒక ప్రైవేటు యూనివర్సిటీలో సీటు ఇప్పిస్తాం, ఇద్దరూ ఒకే ఫ్లైట్ ఎక్కొచ్చు అంటున్నారని రాశారు.

నా జవాబు ముందే చెప్పేస్తాను. మీరు ముందు వెళ్లండి. ఆయన ఎనిమిది నెలలో, ఏడాదో ఆగి, భర్తగా రావాలి. లోన్ ఇప్పుడే వద్దు, ఆ ప్రైవేటు సీటు అసలే వద్దు. కొత్తగా పెళ్లయినవాళ్లకు ఇది వినడానికి కష్టంగా ఉంటుందని తెలుసు. నేనూ మా ఆయనా 2018లో ఒకే ఫ్లైట్‌లో వెళ్లినవాళ్లమే. అందుకే ఇంత ఖచ్చితంగా చెబుతున్నాను.

మాది కెమ్నిట్స్ టెక్నికల్ యూనివర్సిటీ. నాది ఎంబెడెడ్ సిస్టమ్స్, ఆయనది ఆటోమోటివ్ సాఫ్ట్‌వేర్. బ్లాక్డ్ అకౌంట్ అంటే అక్కడి ఖర్చుకు డబ్బుందని వీసా కోసం ముందే మొత్తం జమ చేసి, వెళ్లాక నెల నెలా కొంత తీసుకునే ఖాతా. అప్పట్లో అందులో మనిషికి ఏడాదికి 8,640 యూరోలు, అంటే నెలకు 720 చూపిస్తే సరిపోయేది. రూపాయల్లో ఇద్దరికీ కలిపి పద్నాలుగు లక్షల చిల్లర. సగం మా పొదుపు, సగం లోన్. మొదటి ఏడాది హాయిగా గడిచింది. నెల నెలా ఇద్దరికీ 720 వస్తుంది, అద్దె 390, ఇంకేం కావాలి అనుకున్నాం. ప్రాగ్ చూశాం, ఇంటికి కొంత డబ్బు పంపాం, లోన్ వడ్డీ కట్టాం. పన్నెండు నెలలకు బ్లాక్డ్ అకౌంట్ ఖాళీ అయింది. అప్పుడు మా రెసిడెన్స్ పర్మిట్ పొడిగింపుకొచ్చింది. విదేశీయుల ఆఫీసులో కూర్చున్న ఆవిడ చాలా మర్యాదగానే అడిగింది: "వచ్చే ఏడాదికి ఇద్దరి ఖర్చుకూ డబ్బు ఎక్కడుంది, చూపించండి" అని. మా ఇద్దరి అకౌంట్లలో కలిపి 1,900 యూరోలున్నాయి.

ఆ ఏడాది మా ఆయన ఒక గోడౌన్‌లో రాత్రి షిఫ్టుల్లో పార్సిళ్లు సర్దే పనికి వెళ్లారు. పొద్దున ఆరింటికి వచ్చి, ఎనిమిదింటికి క్లాసుకెళ్లి, రెండు సబ్జెక్టులు పోగొట్టుకున్నారు. రెండేళ్లలో అవ్వాల్సిన చదువు మూడున్నరేళ్లు పట్టింది. స్నేహితుల దగ్గర చేబదులు తీసుకుని అకౌంట్‌లో చూపించిన రోజులు గుర్తొస్తే ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది. నేను పదమూడో నెల అంటున్నది దీన్నే. జర్మనీ వెళ్లడానికి డబ్బు ఎలా అని అందరూ లెక్కేస్తారు. రెండో ఏడాది అక్కడే ఉండటానికి డబ్బు ఎలా అన్న లెక్క ఎవరూ వేయరు.

ఇప్పుడు మీ లెక్క చూద్దాం. 2024 సెప్టెంబర్ నుంచి బ్లాక్డ్ అకౌంట్ మొత్తం ఏడాదికి 11,904 యూరోలు, నెలకు 992. యూరో వంద రూపాయలు దాటింది కాబట్టి మనిషికి పన్నెండు లక్షల పైనే. ఇద్దరూ విద్యార్థులుగా వెళ్తే ఎవరి అకౌంట్ వారిదే, భార్యాభర్తలని తగ్గింపు ఏమీ ఉండదు. ఇరవై నాలుగు లక్షల పైనే ఒకేసారి కట్టాలి. పైగా ప్రైవేటు యూనివర్సిటీ అంటే ఏడాదికి పది వేల యూరోలు దాటే ఫీజులు మామూలే. మీ మాగ్డెబుర్గ్ సీటుకు ట్యూషన్ ఫీజు లేదు, సెమిస్టర్‌కోసారి కట్టే చిన్న మొత్తం తప్ప. ప్రభుత్వ యూనివర్సిటీల్లో కూడా అన్నీ ఇలా ఉండవు. బాడెన్ వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో మనలాంటి యూరప్ బయటివాళ్లకు సెమిస్టర్‌కు 1,500 యూరోలు తీసుకుంటారు. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ 2024 నుంచి మాస్టర్స్‌కు సెమిస్టర్‌కు నాలుగు వేల నుంచి ఆరు వేలు పెట్టింది. కాబట్టి చవక ఊళ్లో, ఫీజు లేని సీటు మీ చేతిలో ఉంది. దాన్ని చిన్నచూపు చూడకండి.

మీ పదహారు లక్షల్లో పన్నెండుకు పైగా బ్లాక్డ్ అకౌంట్‌కు పోతాయి. మన చదువు కాగితాలు అసలైనవేనని ధ్రువీకరించే ఏపీఎస్ సర్టిఫికెట్‌కు 18,000 రూపాయలు, వీసా ఫీజు 75 యూరోలు, టికెట్, చలి బట్టలు, ఇలా ఇంకో లక్షన్నర. మిగిలిన దాంట్లోంచి కనీసం 1,500 యూరోలు విడిగా ఫారెక్స్ కార్డులో పెట్టుకోండి. ఇది చాలామంది మర్చిపోతారు. బ్లాక్డ్ అకౌంట్ డబ్బు మీరు దిగిన రోజే చేతికి రాదు. ఇల్లు దొరకాలి, ఆ అడ్రసు మీద టౌన్ ఆఫీసులో అన్మెల్డుంగ్ అంటే నివాసం నమోదు చేయించుకోవాలి, బ్యాంకు ఖాతా తెరవాలి, అప్పుడు మొదటి 992 పడుతుంది. ఈలోగా ఇంటి డిపాజిట్ మీ జేబులోంచే కట్టాలి. డిపాజిట్ గరిష్ఠంగా మూడు నెలల అద్దె, అదీ హీటింగ్ ఖర్చులు కలపని అద్దె మీద. దాన్ని మూడు వాయిదాల్లో కట్టే హక్కు చట్టంలోనే ఉంది. అడగడానికి మొహమాటపడకండి.

మీరు ఒక్కరే స్టూడెంట్ హాస్టల్ గదిలో ఉంటే నా అంచనా ప్రకారం అద్దె 300, తిండి 150 నుంచి 180, ఇన్సూరెన్స్ 150, ఫోనూ చిల్లర ఖర్చులూ 50. అంటే 992లో నెలకు దాదాపు మూడు వందలు మిగలాలి. ఆ మూడు వందల్ని వేరే ఖాతాలోకి పంపేయండి, దాని మీద చెయ్యి వేయకండి. ఏడాదికి మూడున్నర వేల యూరోలు. మూడో నెల నుంచి యూనివర్సిటీలోనే ఏదైనా ల్యాబ్‌లో అసిస్టెంట్ పని దొరికితే ఇది ఇంకా పెరుగుతుంది. అటు మీ వారి జీతంలోంచి నెలకు పాతిక వేలు మిగిలినా పది నెలల్లో రెండున్నర లక్షలు. పదమూడో నెల వచ్చేసరికి అప్పు లేకుండా, వచ్చే ఏడాది లెక్కలో సగం చేతిలో ఉంటుంది. మాకు లేనిది అదే.

ఇక ఆయన ఎలా రావాలి అన్నది. ఇది కన్సల్టెన్సీవాళ్లు చెప్పరు, ఎందుకంటే ఇందులో వాళ్లకు కమీషన్ లేదు. భార్య విద్యార్థిగా ఉన్నప్పుడు భర్త కుటుంబ వీసా మీద రావచ్చు. మీకు పర్మిట్ ఇచ్చేనాటికే పెళ్లయి ఉండి, మీరు ఏడాదికి పైగా ఉండబోతున్నట్టయితే అది ఆయన హక్కు కిందికే వస్తుంది. అలా వచ్చినవాళ్లకు ఉద్యోగం మీద ఎలాంటి పరిమితీ ఉండదు. విద్యార్థికి ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులే పని. కుటుంబ వీసా మీద వచ్చిన ఆయన మాత్రం మర్నాటి నుంచే ఫుల్ టైమ్ ఉద్యోగంలో చేరొచ్చు. అంతకన్నా పెద్ద విషయం, ఆ పర్మిట్ మీదే ఆయన యూనివర్సిటీలో చేరి చదువుకోవచ్చు కూడా. విద్యార్థి వీసాకు మార్చుకోనక్కర్లేదు. అంటే ఒక ఏడాది పనిచేసి, భాష నేర్చుకుని, తర్వాత మాస్టర్స్‌లో చేరే దారి ఆయనకు తెరిచే ఉంటుంది. అందుకని ఏపీఎస్ సర్టిఫికెట్ ఆయన కూడా హైదరాబాద్‌లో ఉండగానే తీసి పెట్టుకోవాలి. 2022 నవంబర్ నుంచి మన విద్యార్థుల వీసాకు అది తప్పనిసరి అయింది, సీటుకు అప్లై చేసేటప్పుడూ అడుగుతారు.

దీనికి నాలుగు షరతులున్నాయి. ఆయన జర్మన్ భాషలో మొదటి మెట్టు అయిన ఏ1 పరీక్ష పాస్ అవ్వాలి. పెళ్లి రిజిస్టర్ అయి ఉండాలి. ఇద్దరికీ సరిపోయే ఇల్లు చూపించాలి. ఆయన ఖర్చుకు డబ్బు చూపించాలి.

ఏ1తో ఆపకండి, మూడో మెట్టు బీ1 దాకా వెళ్లమనండి. హైదరాబాద్‌లో గోథే సెంట్రమ్ ఉంది, ఉద్యోగం చేస్తూ సాయంత్రాలు చదువుకోవచ్చు. మెకానికల్ వాళ్లకు జర్మనీలో ఉద్యోగాలు లేక కాదు, జర్మన్ రాక ఇబ్బంది. సాఫ్ట్‌వేర్‌లో ఇంగ్లీషుతో నెట్టుకురావచ్చు గానీ ప్లాంటులో, వర్క్‌షాపులో కుదరదు. మా బ్యాచ్‌లో మంచి మార్కులున్న మెకానికల్ అబ్బాయిలు భాష రాక ఏళ్లకేళ్లు పిజ్జాలు డెలివరీ చేయడం చూశాను. ఈ పది నెలలూ ఆయనకు వృథా కాదు. ఇద్దరిలో ముందు స్థిరమైన జీతం తెచ్చేది ఆయనే కావచ్చు.

పెళ్లి సర్టిఫికెట్ అంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఇచ్చినదే. పెళ్లి పత్రిక, గుళ్లో ఇచ్చిన రసీదు, ఫొటో ఆల్బమ్ పనికిరావు. ఇంకా రిజిస్టర్ చేయించకపోతే ఈ వారమే వరంగల్ వెళ్లి ఆ పని చూసుకోండి. దాని జర్మన్ అనువాదం గుర్తింపు ఉన్న అనువాదకులతోనే చేయించాలి. ఇంకోటి, చాలా జాగ్రత్తగా వినండి. మీ వీసా ఫారంలో పెళ్లయిందనే రాయండి. పెళ్లయిందంటే వీసా రాదని భయపడి అవివాహిత అని రాసినవాళ్లు నాకు తెలుసు. ఏడాది తిరిగాక భర్తను పిలుచుకోబోతే, మీరు మాకు చెప్పింది ఒకటి, ఇప్పుడు చూపిస్తున్నది ఒకటి అని ఫైలు ఆగిపోయింది. ఒక్క అబద్ధం ఇద్దరి భవిష్యత్తునూ పట్టుకుంటుంది.

పాస్‌పోర్టులు కూడా తీసి ఒకసారి చూసుకోండి. మనవాళ్లలో చాలామందికి ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, అన్నీ కలిపి పేరు గడిలో ఉంటాయి. లేదా ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంటుంది. జర్మనీలో ప్రతి కాగితం, తలుపు మీది పేరు పలకతో సహా, ఇంటిపేరు మీదే నడుస్తుంది. అది లేకపోతే బ్యాంకు ఒకలా, ఇన్సూరెన్స్ ఒకలా, టౌన్ ఆఫీసు ఇంకోలా రాసుకుంటాయి. ఆయనకు టైముంది కాబట్టి ఆయనది సరిచేయించండి. మీది ఇప్పుడు కదపకండి. భర్త ఇంటిపేరు పెట్టించుకోమని పెద్దవాళ్లు అడిగినా, వీసా వచ్చేదాకా ఆగండి. మీ బీటెక్ సర్టిఫికెట్లు, ఏపీఎస్, సీటు లెటర్ అన్నీ ఒకే పేరుతో ఉండటం ఇప్పుడు ముఖ్యం.

ఇల్లు విషయంలోనే జంటలు ఎక్కువ దెబ్బతింటారు. స్టూడెంట్ హాస్టల్ గది ఒక్కరి పేరు మీదే ఇస్తారు, ఆయన్ని అందులోకి తెచ్చుకోవడం కుదరదు. కుటుంబ వీసాకు పెద్దవాళ్లకైతే మనిషికి 12 చదరపు మీటర్ల చొప్పున చోటు చూస్తారు. విద్యార్థుల హాస్టళ్లు నడిపే సంస్థ స్టూడెంటెన్‌వెర్క్ దగ్గర జంటల ఫ్లాట్లు కొన్ని ఉంటాయి, వాటికి పెద్ద క్యూ ఉంటుంది. ముందు మీరు సింగిల్ రూముకూ, దాంతోపాటే జంట ఫ్లాట్ క్యూలోకీ అప్లికేషన్ పెట్టండి. మూడో, నాలుగో నెల నుంచి బయట రెండు గదుల ఇల్లు వెతకడం మొదలుపెట్టండి. తూర్పు జర్మనీ ఊళ్లలో గృహ సహకార సంఘాల ఇళ్లు బోలెడుంటాయి. గెనోస్సెన్‌షాఫ్ట్ అంటారు. సభ్యత్వ వాటాగా కొంత డబ్బు కట్టించుకుంటారు, ఖాళీ చేశాక తిరిగి ఇస్తారు. మాగ్డెబుర్గ్, కెమ్నిట్స్ లాంటి చోట్ల ఇద్దరికి నాలుగు వందల యాభై, ఐదు వందల్లో హీటింగ్‌తో సహా ఇల్లు దొరికే అవకాశం ఉంది. అదే మ్యూనిక్‌లో ఆ డబ్బుకు ఒక గది దొరకడమే గగనం.

ఇంటి ప్రకటనల్లో మోసాలు చాలా. ఓనరు విదేశంలో ఉన్నాడు, డిపాజిట్ పంపితే తాళం పోస్టులో వస్తుంది అని ఎవరైనా అంటే అక్కడితో ఆపేయండి. ఇల్లు కళ్లతో చూడకుండా, లేదా మీ తరఫున ఒకరు వెళ్లి చూడకుండా ఒక్క యూరో పంపొద్దు. అలాగే ఓనరు నివాస ధ్రువీకరణ కాగితం మీద సంతకం పెట్టి ఇస్తాడో లేదో ముందే అడగండి. ఆ కాగితం లేకపోతే అన్మెల్డుంగ్ జరగదు. అన్మెల్డుంగ్ లేకపోతే మిగిలిన పనులేవీ ముందుకు కదలవు. ఇంట్లో దిగిన రెండు వారాల్లో అది చేయించుకోవాలి.

ఫ్లాట్ ఫొటోల్లో వంటగది ఉందా అని కూడా చూసుకోండి. మా మొదటి ఇంటి తలుపు తీసిన సాయంత్రం నాకు బాగా గుర్తు. వంటగది అని రాసి ఉన్న గదిలో గోడలోంచి బయటికొచ్చిన రెండు నీళ్ల పైపులు, మూత బిగించిన ఒక కరెంటు పెట్టె, అంతే. సింకు లేదు, పొయ్యి లేదు, ఒక బల్ల కూడా లేదు. పాత కిరాయిదారు తన వంటగది మొత్తం విప్పుకుని వెళ్లిపోయాడు, అక్కడ అది మామూలే. నలభై యూరోలు పెట్టి రెండు ప్లేట్ల కరెంటు స్టవ్ కొని, బాత్రూమ్‌లో గిన్నెలు కడుక్కుంటూ నాలుగు నెలలు వండాను. మొదటి వారంలోనే కుక్కర్ మూడో విజిల్‌కు కింది ఇంటి పెద్దావిడ పరుగున పైకొచ్చింది, ఏదో అలారం మోగుతోందనుకుని. తలుపు తీసి కుక్కర్ చూపించాను. పప్పు చల్లారాక ఒక గిన్నెలో ఆమెకూ ఇచ్చాను.

జనవరిలో మళ్లీ ఆమే వచ్చింది. మంచం వెనక గోడ మీద నల్లటి మచ్చలు కనబడుతున్నాయని నేనే పిలిచాను. చలికి భయపడి మేము కిటికీలు తెరిచేవాళ్లం కాదు. లోపలే అన్నం వార్చడం, లోపలే బట్టలు హీటర్ మీద ఆరేయడం. ఆ ఆవిరంతా చల్లటి గోడకు పట్టి బూజు పట్టింది. ఆమె మాటా పలుకూ లేకుండా హీటర్ సున్నాకు తిప్పి, ఎదురెదురు కిటికీలు బార్లా తెరిచి, చేతి గడియారం చూస్తూ సరిగ్గా పది నిమిషాలు నిలబడింది. తర్వాత మూసేసి హీటర్ మళ్లీ మూడు మీద పెట్టింది. రోజుకు మూడుసార్లు అలా చేయాలని వేళ్లతో చూపించింది. బూజు పడితే డిపాజిట్‌లోంచి కోస్తారు, ఆరోగ్యం సంగతి సరేసరి. హీటర్ ఐదు మీద పెట్టి కిటికీ కొంచెం తెరిచి ఉంచితే ఏడాది చివర్లో అదనపు బిల్లు వస్తుంది. మాకు మొదటి ఏడాది 312 యూరోలు వచ్చింది. నెల అద్దెలో హీటింగ్‌కు కట్టేది అడ్వాన్సు మాత్రమే అన్న సంగతి మాకు అప్పుడే తెలిసింది.

ఆరోగ్య బీమాలో జంటకు పెద్ద లాభం ఉంది. ప్రభుత్వ బీమా సంస్థలో విద్యార్థి రేటు నెలకు సుమారు 150 యూరోలు, ముప్పై ఏళ్ల లోపు వాళ్లకు. మీరు అందులో చేరితే, మీ వారు వచ్చాక కుటుంబ బీమా కింద మీ కార్డు మీదే ఉచితంగా చేరొచ్చు. ఆయన నెల ఆదాయం పరిమితి దాటనంత కాలం అది నడుస్తుంది. 2026లో ఆ పరిమితి 565 యూరోలు, మినీజాబ్ అనే చిన్న పార్ట్‌టైమ్ పని చేస్తుంటే 603. ఉద్యోగం వచ్చి అది దాటితే జీతంలోంచే బీమా కోస్తారు, తప్పులేదు. అదే ఆయన విద్యార్థిగా వస్తే, 28 అంటున్నారు కాబట్టి ముప్పై నిండిన సెమిస్టర్ ముగియగానే విద్యార్థి రేటు పోయి ఎక్కువ కట్టాల్సి వచ్చేది. కన్సల్టెన్సీవాళ్లు చవకగా ఉందని ప్రైవేటు బీమా అంటగడితే మీరు ఒప్పుకోకండి. ఒకసారి ప్రభుత్వ బీమా వద్దని రాసిచ్చి ప్రైవేటుకు వెళ్తే చదువు అయ్యేదాకా వెనక్కి రావడం చాలా కష్టం. ప్రభుత్వ బీమాలో కాన్పు ఖర్చులు కూడా ఉంటాయి. ఇద్దరూ చిన్నవాళ్లు, అది కూడా మనసులో పెట్టుకోండి.

ఇల్లు ఒకటే అయితే కలిసొచ్చేవి ఇంకా ఉన్నాయి. టీవీ, రేడియో చందా అని నెలకు 18.36 యూరోలు వస్తుంది, అది మనిషికి కాదు, ఇంటికి. ఇద్దరికీ విడివిడిగా ఉత్తరాలొస్తే ఒకరి నంబరు ఇచ్చి రెండోది మూయించుకోండి. బస్సులకు, ట్రామ్‌లకు మీకు యూనివర్సిటీ సెమిస్టర్ టికెట్ ఉంటుంది, ఆయన మాత్రం నెలకు 63 యూరోల డాయిష్‌లాండ్ టికెట్ అనే పాస్ కొనుక్కోవాలి.

పనుల సంగతి ఉన్నదున్నట్టు చెబుతాను. 2026 జనవరి నుంచి కనీస వేతనం గంటకు 13.90 యూరోలు. మినీజాబ్ అంటే నెలకు 603 దాకా, అంటే దాదాపు 43 గంటలు. వినడానికి బాగుంటుంది. కానీ అద్దె తక్కువ ఉన్న ఊళ్లో జర్మన్ రాకుండా దొరికే పనులు కూడా తక్కువే. మొదటి సెమిస్టర్‌లో పని దొరుకుతుందని నమ్మి బడ్జెట్ వేయకండి. దొరికితే అది మిగులు అనుకోండి. మీ చదువుకు దగ్గరైన వెర్క్‌స్టూడెంట్ ఉద్యోగం, అంటే చదువుకుంటూ కంపెనీలో చేసే పని, వారానికి ఇరవై గంటలది, రెండో సెమిస్టర్ నుంచి వెతకండి. గోడౌన్‌లో ఏడాది చేసినా రెజ్యూమెలో ఒక్క లైను కూడా రాదు. జీతంలో పన్ను కోసినా కంగారుపడకండి. 2026లో ఏడాదికి 12,348 యూరోల దాకా పన్ను లేదు, మరుసటి ఏడాది రిటర్న్ వేస్తే కోసింది తిరిగొస్తుంది.

ఇంకో మాట, ఒక అక్కగా. నేను చూసిన జంటల్లో డబ్బు బిగిసినప్పుడు ఎక్కువగా ఆడపిల్ల చదువే ఆగింది. "ఆయన డిగ్రీ ముందు అవ్వనీ, నేను తర్వాత రాస్తాను" అని రాత్రి షిఫ్టులకు వెళ్లి, తర్వాత పుస్తకం పట్టుకోలేకపోయిన అమ్మాయిలు ముగ్గురు నాకు తెలుసు. మీ ఇంట్లో సీటు వచ్చింది మీకు. పరీక్షల నెలల్లో ఎవరూ మిమ్మల్ని అదనపు షిఫ్టు అడగకూడదు, ఆయనైనా సరే. ఈ మాట విమానం ఎక్కకముందే ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. చదువు అయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి మీకు 18 నెలలు ఇస్తారు. ఉద్యోగంలో చేరి రెండేళ్లు పింఛను చందా కట్టి, బీ1 ఉంటే శాశ్వత నివాసానికి అప్లై చేయొచ్చు. ఇదంతా నిలబడేది మీ డిగ్రీ మీదే. ఆయన పర్మిట్ కూడా మీ పర్మిట్‌నే పట్టుకుని ఉంటుంది.

మనవాళ్లను ఎలా చూస్తారని కూడా అడిగారు. మేము దిగడానికి కొన్ని వారాల ముందే, 2018 ఆగస్టు చివర్లో, కెమ్నిట్స్‌లో విదేశీయులకు వ్యతిరేకంగా పెద్ద గొడవలయ్యాయి. మాగ్డెబుర్గ్‌లో 2024 డిసెంబర్‌లో క్రిస్మస్ మార్కెట్ మీద దాడి జరిగాక కూడా వాతావరణం వేడెక్కింది. ట్రామ్‌లో నాకు రెండుసార్లు మాటలు పడ్డాయి. రాత్రి పూట స్టేషన్ దగ్గర తాగినవాళ్ల గుంపులుంటే పక్కకు తప్పుకునేదాన్ని. అదే ఊళ్లో నాకు కిటికీ తెరవడం నేర్పిన పెద్దావిడా ఉంది. యూనివర్సిటీ చుట్టుపక్కల ఇల్లు తీసుకోండి, చీకటి పడ్డాక తిరగాల్సిన పనులు మొదటి ఏడాది ఒప్పుకోకండి.

సామానులో ఐదు లీటర్లది వద్దు, మూడు లీటర్ల కుక్కర్ చాలు, అదీ కరెంటు పొయ్యి మీద కూర్చునే చదును అడుగుది. చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి, నెయ్యి, పాలకోవా పెట్టుకోకండి. యూరప్ బయటి నుంచి మాంసం, పాల పదార్థాలు తేవడం నిషేధం, ఎయిర్‌పోర్టులో తీసి పడేస్తారు. పచ్చి కరివేపాకు కూడా అంతే, ఎండబెట్టి పొడి చేసి తీసుకెళ్లండి. గోంగూర, ఆవకాయ నిక్షేపంగా వెళ్తాయి, నూనె కారకుండా కట్టుకుంటే చాలు. బియ్యం, కందిపప్పు మోయకండి, మన సరుకుల షాపుల్లో దొరుకుతాయి. చలికోటు ఇక్కడ కొనొద్దు, అక్కడి చలికి ఇక్కడివి ఆగవు. సెకండ్ హ్యాండ్ షాపుల్లో మంచివి దొరుకుతాయి.

ఆయన వీసా అప్లికేషన్ ఆలస్యం చేయొద్దు. ఆ ఫైలు మీ ఊరి విదేశీయుల ఆఫీసుకు వెళ్లి తిరిగి రావాలి, నెలలు పడుతుంది. మీకు రెసిడెన్స్ కార్డు చేతికొచ్చి, ఇంటి కాంట్రాక్టు మీద సంతకం అయిన రోజే ఆయన హైదరాబాద్‌లో ఏ1 సర్టిఫికెట్‌తో సిద్ధంగా ఉండాలి. కాబట్టి ఆయన కోర్సు మీరు వెళ్లాక కాదు, ఇప్పుడే మొదలవ్వాలి. స్టూడెంటెన్‌వెర్క్ హాస్టల్ అప్లికేషన్‌కు మీ సీటు లెటర్ ఒక్కటి చాలు, వీసా వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ఈ రాత్రే నింపి పంపండి. రేపు పొద్దున సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు పని చూసుకోండి. ఆ రెండూ అయ్యాక మీ సీటు లెటర్‌లోని పేరు, పాస్‌పోర్టులో ఇంటిపేరు ఎలా ఉన్నాయో రాయండి, ఫారంలో ఎలా నింపాలో చెబుతాను.